గిన్నెలో ఒక ముద్ద

అయిదో నంబరు బల్ల మీద, అన్నం గిన్నెలో ఆ రోజు కూడా ఒక ముద్ద మిగిలింది.

మినోరి వంటింటి గుమ్మం దగ్గర నిలబడి చూసింది. కాల్చిన చేప పళ్లెంలో ముల్లు తప్ప ఏమీ లేదు. ఆ ముల్లు కూడా దువ్వెనలా శుభ్రంగా, పళ్లెం అంచుకు ఆనించి ఉంది. మిసో పులుసు గిన్నె అడుగు కనిపిస్తోంది. ముల్లంగి ఊరగాయ ఒక్క ముక్క లేదు. అన్నం గిన్నెలో మాత్రం అడుగున, తినే పుల్లలతో కదపని ఒక ముద్ద. పుల్లలు రెండూ వాటి చిన్న పీట మీద జంటగా పడుకుని ఉన్నాయి. వలలు బాగుచేసే ముసలాయన కుదో గారు చేతులు ఒళ్లో పెట్టుకుని కిటికీలోంచి రేవు వైపు చూస్తున్నారు.

కవాసె భోజనహోటల్లో మినోరి పనికి కుదిరి అది తొమ్మిదో రోజు. బడికి వేసవి సెలవులు. పదకొండున్నరకు రేవులో చేపల వేలంపాట ముగిశాక ఒక్కసారిగా జనం వచ్చి పడేవారు. రెండున్నరకల్లా ఏడు బల్లలూ మళ్లీ ఖాళీ. ఆ మూడు గంటలూ ఆమె నీళ్లు పెట్టాలి, పళ్లేలు అందించాలి, తిన్నవి తీయాలి. అవేవీ కష్టం కాదు. కష్టమంతా ఫ్రిజ్ తలుపు మీద ఉంది.

అక్కడ యజమానురాలు కాజుయో ఒక అట్టముక్క అంటించింది. హోటల్లో అనవలసిన ఆరు మాటలు దాని మీద లావుపాటి అక్షరాలతో రాసి ఉన్నాయి. గుమ్మం తెర తప్పించుకుని ఎవరు లోపలికొచ్చినా ‘ఇరష్షైమాసె’, దయచేయండి, అని గట్టిగా పిలవాలి. ఏది తెమ్మన్నా ‘చిత్తమండి’ అనాలి. పళ్లెం నిమిషంలోనే తెచ్చినా సరే, ‘ఆలస్యమైంది, మన్నించండి’ అంటూ పెట్టాలి. మినోరి ఆ ఆరు మాటలూ సైకిలు మీద పలికి చూసుకుంది, స్నానాల గదిలో పలికి చూసుకుంది. అక్కడ బాగానే వచ్చేవి. హోటల్లో అడుగు పెట్టేసరికి గొంతు సగం దారిలో ఆగిపోయేది. రోజూ తినడానికి వచ్చే పడవ మనిషి ఒనోదెర మొదటి రోజే, ఇప్పుడు నన్ను పిలిచింది ఈ పిల్లా, దోమా అని చుట్టూ వెతికినట్టు నటించి అందర్నీ నవ్వించాడు.

ఆరింటిలో అయిదోది ఒక్కటే ఆమెకు సులువు. ‘తిన్నవి తీసేయవచ్చాండి?’ దాన్ని మనిషి మొహం చూడకుండా, వంగి గిన్నెలతో అన్నట్టు అనేయవచ్చు.

ఆమె అయిదో నంబరు బల్ల దగ్గరకు వెళ్లి అలాగే అంది.

కుదో గారు కిటికీ నుంచి తల తిప్పారు. ముందు గిన్నెను చూశారు, తరువాత ఆమెను. ఒళ్లోంచి కుడిచెయ్యి లేచి బల్ల అంచు దాకా వచ్చి, అక్కడే ఆగింది. ఎండకు కమిలిన చెయ్యి. బొటనవేలి మీద వల తాడు కోసిన గీతలు.

“ఆఁ... తీసెయ్యమ్మా,” అన్నారు. తరువాత చేతులు జోడించి, “గొచిసోసమ,” అన్నారు.

తినడం అయిందని, పెట్టినవాళ్లకు దణ్ణమని చెప్పే మాట అది. ఆ మాట అయ్యాక ఇంక ఆ బల్ల మీద భోజనం ముగిసినట్టే. మినోరి గిన్నెలు పేర్చుకుని వెళ్లిపోయింది. వెనక మూడో నంబరు బల్ల దగ్గర ఒనోదెర ఖాళీ గిన్నెను తల మీదకెత్తి “ఒకావారి!” అని కేక వేశాడు. ఇంకో గిన్నె పెట్టమని. మారు అన్నానికి ఇక్కడ డబ్బు తీసుకోరు. అడిగినవాళ్లకు అడిగినన్నిసార్లు. అయితే మనంతట మనం అడగొద్దని, కావలసినవాడు ఎలాగూ అరుస్తాడని, ఊరికే అడిగితే వేయించుకుని పారేస్తారని కాజుయో మొదటి రోజే చెప్పింది.

వంటింట్లో మినోరి ఆ ముద్దను మిగుళ్ల బకెట్టులోకి దులుపుతుంటే కాజుయో పొయ్యి దగ్గర్నుంచి చూసింది. అన్నం పారేయడం చూస్తే ఆమెకు ఒళ్లు మండుతుంది. అది ఎవరిదని అడిగింది.

“అయిదో నంబరు,” అంది మినోరి. ఆగి, “రోజూ అంతే పిన్నిగారూ. రోజూ సరిగ్గా ఒక ముద్ద మిగులుస్తారు,” అంది.

హోటల్లో ఆమె అంత పెద్ద మాట అనడం అదే మొదలు. కాజుయో పట్టకారు పక్కన పెట్టి, కళ్లు బాగానే పనిచేస్తున్నాయే నీకు అని మెచ్చుకుంది. పాపం ముసలి కడుపు, ఎక్కువైపోతున్నా మొహమాటానికి తింటున్నాడేమో, రేపట్నుంచి ఆయనకు చిన్న గిన్నె పెట్టమంది. మినోరికి చెవులు వేడెక్కాయి. ఆ మెప్పును ఇంటిదాకా సైకిలు మీద మోసుకెళ్లింది.

మంగళవారం పన్నెండుం పావుకు కుదో గారు వచ్చారు. టోపీ తీసి, మడిచి, జేబులో పెట్టుకుని అయిదో నంబరు బల్ల దగ్గర కూర్చున్నారు. ఎండిన స్క్విడ్ వాసన ఆయనతో పాటు వచ్చింది. ఆయన చేప భోజనం అన్నారు. మినోరి చిత్తమండి అంది.

చిన్న గిన్నె నీలం రంగుది. దాని మీద తెల్లటి పువ్వులు ఉన్నాయి. పిల్లల్ని తీసుకొచ్చేవాళ్ల కోసం ఉంచిన గిన్నె. మినోరి దాన్లో అన్నం పెట్టి, పళ్లెం పక్కన ఉంచి, ఆలస్యమైంది మన్నించమని నేల వైపు చూస్తూ చెప్పింది. కుదో గారు గిన్నెను చేతిలోకి తీసుకున్నారు. ఒకసారి చుట్టూ తిప్పి పువ్వులు చూశారు. చేతులు జోడించి తినడం మొదలుపెట్టారు.

ఆ రోజు ఆయన నెమ్మదిగా తిన్నారు. చేప మీది చర్మాన్ని చిన్న చిన్న ముక్కలు చేసుకుని ఒక్కో ముక్కకూ పుల్లల కొసతో నాలుగైదు మెతుకులు మాత్రమే తీసుకున్నారు. పన్నెండున్నర రద్దీలో మినోరి ఇటూ అటూ తిరుగుతూ చూసినప్పుడల్లా ఆయన దవడ కదులుతూనే ఉంది. చివరికి ఆమె చూసేసరికి పుల్లలు పీట మీద ఉన్నాయి. నీలం గిన్నె పళ్లెం అవతలి అంచుకు జరిగి ఉంది. దానిలో ఒక ముద్ద ఉంది.

ఆరు ముద్దలు కూడా పట్టని గిన్నెలో ఒక ముద్ద.

ఆయన టీ తాగారు. మినోరి మళ్లీ పోసింది. అదీ తాగారు. మూడోసారి పోస్తుంటే కాజుయో ఏప్రాన్‌కు చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. ఆమె గొంతు పెద్దది. రహస్యం చెప్పినా ఏడు బల్లలకూ వినబడుతుంది.

“కుదో గారూ, చిన్న గిన్నె పెట్టించినా మిగులుస్తున్నారే? పోనీ సగం గిన్నె పెట్టమంటారా? ఏం లేదు, పారేయాలంటే నాకు చెయ్యాడదు. గోడ మీద రాసి కూడా పెట్టాను కదండీ.”

గోడ మీద నిజంగానే ఉంది. ‘దయచేసి అన్నం మిగల్చకండి.’ కుదో గారు దాన్ని ఆ రోజే మొదటిసారి చూసినట్టు చదివారు. పక్క బల్లల దగ్గర పుల్లల చప్పుడు తగ్గింది. ఆయన మెడ దగ్గర్నుంచి ఎరుపు నెమ్మదిగా పైకి పాకింది.

“తప్పే. తప్పయిపోయింది,” అన్నారు.

పుల్లలు మళ్లీ తీసుకున్నారు. ఆ ముద్దను రెండుగా విడదీసి, ఒకటి తరువాత ఒకటి నోట్లో పెట్టుకున్నారు. గిన్నెకు అంటిన మెతుకును కూడా తీశారు. గొచిసోసమ అన్నప్పుడు ఆ మాట చాలా చిన్నగా వచ్చింది. ఎప్పుడూ బయటికెళ్లాక పెట్టుకునే టోపీని గుమ్మం లోపలే తలకు పెట్టేసుకుని వెళ్లిపోయారు. కాజుయోకు ఏదో తోచింది కాబోలు, అంత గట్టిగా అన్నానా నేను అని మినోరిని అడిగింది. మినోరి తల అటూ ఇటూ కాకుండా ఊపింది.

పని అయ్యాక ఇంటికి వెళ్తూ మినోరి ఆయన్ని చూసింది. చేపలవాళ్ల సహకార దుకాణం పక్కన, గోడ నీడలో, తిరగేసిన ప్లాస్టిక్ పెట్టె మీద కూర్చుని ఉన్నారు. రోడ్డు వైపు వీపు. చేతిలో కాగితం ఒలిచిన తియ్యరొట్టె. భోజనం చేసి రెండు గంటలైందో లేదో. ముసలి కడుపుకు రొట్టె ఎందుకా అనుకుంటూ ఆమె తొక్కుకుంటూ పోయింది. వంతెన ఎక్కేటప్పుడు ఎందుకో సైకిలు బరువుగా తోచింది.

బుధవారం ఆయన రాలేదు.

పన్నెండుం పావుకు మినోరి గుమ్మం వైపు చూసింది. పన్నెండున్నరకు ఎవరో తెర తప్పించుకుని లోపలికి రాగానే ఇరష్షైమాసె అంది. ఆ మాట ఎప్పటికన్నా కాస్త గట్టిగానే వచ్చింది. వచ్చింది మంచు ఫ్యాక్టరీ గుమాస్తా. అయిదో నంబరు బల్ల ఖాళీగా ఉంటే అతను దాని దగ్గర కూర్చున్నాడు.

రెండున్నర దాటాక వంటింటి వెనక చాపల గదిలో వాళ్ల భోజనం. సోమ, మంగళవారాలు తోమె మామ్మగారు వృద్ధుల కేంద్రానికి వెళ్తుంది. మిగతా రోజులు ఆ గదిలోనే కూర్చుని, పుల్లలకు కాగితం తొడుగులు మడుస్తుంది. ఎనభై ఆరేళ్లు. కాజుయో అత్తగారు. ఈ హోటలు మొదలుపెట్టింది ఆవిడే. మోకాళ్లు పోయాక బల్లల దగ్గరకు రావడం మానేసింది గానీ, వంటింట్లో ఏ గిన్నె ఎక్కడ చప్పుడైందో కూర్చున్న చోటునుంచే చెబుతుంది.

కాజుయో ఇంకా పొయ్యి కడుగుతోంది. మినోరి మామ్మగారి ఎదుట కూర్చుని తొడుగులు మడవడంలో సాయం చేసింది. ఇవాళ చప్పుడు తక్కువగా ఉందేం, ఎవరు రాలేదు అని ఆవిడే అడిగింది. మామ్మగారితో మాట్లాడటం మినోరికి అంత కష్టం కాదు. ఆవిడ కళ్లు కాగితం మీదే ఉంటాయి. మినోరి కుదో గారి సంగతి చెప్పింది. రోజూ ముద్ద మిగల్చడం, చిన్న గిన్నె, అయినా మిగల్చడం, పిన్నిగారు అడగడం.

మామ్మగారి చేతులు ఆగాయి.

“ఎక్కడ మిగిల్చేవాడు? చెదిరి ఉండేదా?”

“లేదండి. అడుగున, ఒకే చోట. ముద్దగా.”

“పుల్లలు గిన్నె మీద పెట్టేవాడా, పీట మీదా?”

“పీట మీద.”

“గిన్నె నీ వైపుకు జరిపేవాడా?”

మినోరి ఆలోచించింది. నీలం గిన్నె పళ్లెం అవతలి అంచున ఉండటం గుర్తొచ్చింది. అంతకు ముందు రోజు కూడా. అంతకు ముందు కూడా. అవునండి అంది.

మామ్మగారు మడుస్తున్న కాగితాన్ని ఒళ్లో పెట్టుకుంది. “అయ్యో పిల్లా. ఆయన మారు అన్నం అడిగాడే. రోజూ అడిగాడు.”

మినోరికి అర్థం కాలేదు.

“గిన్నె ఊడ్చేసి ఇస్తే ఇంక చాలని, సెలవని. మళ్లీ పెట్టించుకోవాలనుకున్నవాడు ఒక ముద్ద ఉంచి గిన్నె జరుపుతాడు. ఇంకా లేవలేదు, ఇంకా మీ ఇంటివాణ్ణే అని. ఆ ముద్ద మీదే పెట్టాలి. అలా పెట్టేదాన్ని నేను. ఈ రేవులో మగవాళ్లందరికీ అలాగే పెట్టేదాన్ని. ఆ అరిచేవాళ్లు ఇప్పుడొచ్చారు.”

మినోరి చేతిలో తొడుగు నలిగింది. తొమ్మిది రోజులు. తొమ్మిదిసార్లు ఆమె వంగి, ఎంతో మర్యాదగా, తీసేయవచ్చాండి అని అడిగింది. అంత మర్యాదగా అడిగిన పిల్లకు వద్దని ఎవరు చెబుతారు? ఆ చెయ్యి బల్ల అంచు దాకా వచ్చి ఆగడం, మూడు గ్లాసుల టీ, ఆ తియ్యరొట్టె అన్నీ ఒక్కసారిగా ఆమె ముందుకొచ్చాయి. ఆకలని చెప్పిన మనిషికి గిన్నె తగ్గించారు. తగ్గించమని చెప్పించింది తనే.

కాజుయో అన్నం వండిన గిన్నె, పులుసు గిన్నె పట్టుకుని లోపలికి వచ్చింది. ఆమె కూర్చునే దాకా ఆగి మామ్మగారు విషయం చెప్పింది. గొంతు పెంచలేదు. ముద్ద ఎందుకు ఉంచుతారో చెప్పింది. కుదో భార్య పోయిన చలికాలంలోనే పోయింది కదా, ఈ వేసవినుంచే కదా ఇక్కడికి వస్తున్నాడు అంది.

కాజుయో అన్నం వడ్డించే హస్తం పట్టుకుని అలాగే ఉండిపోయింది. అన్నం మీది ఆవిరి ఆమె మొహం మీదుగా పోయింది.

“నాకు తెలియదు అత్తయ్యా,” అంది చివరికి.

“ముప్ఫై నాలుగేళ్లు అయిందే నువ్వీ ఇంటికొచ్చి.”

“ఎవరు చెప్పారు? ఒసాకాలో మా ఇంట్లో మెతుకు మిగిలిస్తే వీపు పగిలేది. గిన్నె నాకినట్టు ఖాళీ చేసి ముందు పెడితే మా అమ్మ మళ్లీ నింపేది. ఎవరు ముందు ఖాళీ చేస్తే వాళ్లకు.” కాజుయో ఆగింది. హస్తాన్ని అన్నం గిన్నెలో నిలబెట్టింది. తరువాత మాట వేరే గొంతుతో వచ్చింది. “ఇక్కడికొచ్చిన కొత్తలో కూడా అలాగే ఖాళీ చేసి పెట్టేదాన్ని. మీరు చూసేవారు. చూసి, గిన్నె తీసి కడగడానికి వేసేసేవారు.”

మామ్మగారు తలెత్తింది.

“ఆ మొదటి ఏడాదంతా నాకు రోజూ ఆకలేసేది అత్తయ్యా. కడుపులో మీ మనవడు. పగలంతా పొయ్యి దగ్గర నిలబడి పని. పక్క ఊరి పిల్లని కాదని నన్ను తెచ్చుకున్నాడు కదా మీ అబ్బాయి, అందుకే రెండో గిన్నె పెట్టడం లేదనుకున్నాను.”

మినోరికి అక్కడ కూర్చోవాలో లేచి వెళ్లాలో తెలియలేదు. చాప అల్లిక వైపు చూస్తూ ఉండిపోయింది.

“అంత చక్కగా ఊడ్చి ఇస్తుంటే,” అంది మామ్మగారు, “పట్నం పిల్ల, తక్కువ తింటుంది అనుకున్నాను. మా వంట నచ్చలేదేమో అని కూడా అనుకున్నాను.”

కాజుయో హస్తం మళ్లీ తీసుకుంది. ముగ్గురికీ అన్నం పెట్టింది.

గురువారం మినోరి గంట ముందే ఇంటినుంచి బయల్దేరి సైకిలును రేవు వైపు తిప్పింది. వెళ్లమని ఎవరూ చెప్పలేదు. దారి పొడుగునా ఏమనాలో పలికి చూసుకుంది. ఫ్రిజ్ మీది ఆరు మాటల్లో ఏదీ దీనికి పనికిరాదు.

వలల షెడ్డు తలుపు తెరిచి ఉంది. కుదో గారు పెట్టె మీద కూర్చుని, పచ్చటి వలను కాలి బొటనవేలికి తగిలించుకుని, వెదురు సూదితో తెగిన వల కళ్లను అల్లుతున్నారు. సూది లోపలికి పోయి, చుట్టు తిరిగి, ముడి బిగుసుకుని బయటికి వస్తోంది. ఆమె గుమ్మంలో నిలబడి పది ముడులు లెక్కపెట్టింది. ఒంటి మీద ఏప్రాన్ లేకపోవడంతో ఆయన ఆమెను ముందు పోల్చుకోలేదు. ఎవరి అమ్మాయివి అన్నారు. కవాసె హోటలు అంది ఆమె.

“ఆహా. టీ పోసే అమ్మాయివి.”

“మీ గిన్నె తీసేసింది నేనండి,” అంది మినోరి. అన్నాక ఇంక ఆపలేకపోయింది. “ముద్ద ఉంచితే మళ్లీ పెట్టాలని నాకు తెలియదండి. పిన్నిగారికీ తెలియదు. చిన్న గిన్నె కూడా నావల్లే. రోజూ మిగులుస్తారని నేనే చెప్పాను.”

సూది ఆగింది. కుదో గారు వలను మోకాలి మీదకు లాక్కున్నారు. మంగళవారం పాకిన ఎరుపే మళ్లీ మెడ దగ్గర మొదలైంది. ఆయన గుమ్మం వైపు కాకుండా వల వైపు చూస్తూ మాట్లాడారు.

“తీసెయ్యమన్నది నేనే కదమ్మా. నోరుంది, అడగాల్సింది. ఒకావారి. చిన్న మాట.” ఒక ముడి వేశారు. “మా ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆ మాటతో పని పడలేదు. యాభై రెండేళ్లు. గిన్నె కాస్త జరిపితే చాలు, అటు తిరిగి ఉన్నా చెయ్యి చాచేది. పోయిన వారం ఇంట్లో అని కూడా చూశాను. ఒకావారి, ఒకావారి అని. ఖాళీ ఇంట్లో బాగానే వస్తుంది.”

“నాక్కూడా అంతేనండి,” అంది మినోరి. “స్నానాల గదిలో అన్నీ బాగానే వస్తాయి.”

ఆయన తలెత్తి చూశారు. మొహంలోని ముడతలన్నీ ఒక్కసారి కళ్ల దగ్గరకు చేరాయి. చప్పుడు లేకుండా నవ్వారు. పువ్వుల గిన్నె మా మనవరాలు చూసుంటే తాతయ్య చిన్నపిల్లాడైపోయాడని ఊరంతా చెప్పేది అన్నారు. మినోరి కూడా నవ్వింది. రేపు కానాగంత చేపలు కాలుస్తారని, పెద్ద గిన్నె పెడతానని చెప్పింది. ఆయన సూదికి తాడు చుట్టుకుంటూ, చూద్దాం, ఈ వల శనివారానికి ఇవ్వాలి అన్నారు. వస్తానని అనలేదు.

హోటలుకు వెళ్లేసరికి గోడ మీది కాగితం లేదు. అది ఉన్న చోట గోడ తెల్లగా ఉంది. ఫ్రిజ్ మీది అట్టకు అడుగున, చోటు లేక అక్షరాలు ఇరుకుగా, కొత్తగా ఏడో మాట చేరింది. ‘మారు పెట్టమంటారా?’ మినోరి దాన్ని చదువుతుంటే కాజుయో చేపలకు ఉప్పు పట్టిస్తూ, వెనక్కి తిరగకుండానే, అరవనివాళ్లను నువ్వు చూసుకో అంది. నీకు ఎలాగూ కళ్లున్నాయి కదా అంది. ఈసారి ఆ మాటకు మినోరి చెవులు వేడెక్కలేదు. ఏడో మాటను పెదవులతో ఒకసారి పలికి చూసుకుంది.

ఆ రోజు కూడా ఆయన రాలేదు. మంచు ఫ్యాక్టరీ గుమాస్తా మళ్లీ అయిదో నంబరు దగ్గరకు పోబోతే, మినోరి ఎదురెళ్లి, రెండో నంబరు చల్లగా ఉంటుందండి అని చెప్పింది. దోమ ఇవాళ కుట్టింది చూశావా అని ఒనోదెర అన్నాడు. ఎవరో నవ్వారు. ఆమె నీళ్లు పెట్టడానికి వెళ్లిపోయింది. రెండున్నర దాకా అయిదో నంబరు బల్ల అలాగే ఉంది.

శుక్రవారం పన్నెండుం పావు దాటింది. కానాగంతల పొగ కిటికీ దాటి రేవు దాకా పోతోంది. కాజుయో చేపలు తిప్పుతూ రెండుసార్లు గుమ్మం వైపు మెడ చాచింది. పన్నెండు నలభైకి తెర కదిలింది. ముందు టోపీ పట్టుకున్న చెయ్యి లోపలికి వచ్చింది.

“ఇరష్షైమాసె,” అంది మినోరి.

కుదో గారు టోపీ మడిచి జేబులో పెట్టుకున్నారు. అయిదో నంబరు బల్ల దగ్గర కూర్చుని చేప భోజనం అన్నారు. కాజుయో అన్నిటికన్నా బొద్దుగా ఉన్న చేపను ఏరి పళ్లెంలో పెట్టింది. కొంచెం ఆలోచించి తురిమిన ముల్లంగి ఇంకో చెంచా వేసింది. అన్నం మినోరి పెట్టింది, పెద్ద గిన్నెలో, మెత్తగా, నొక్కకుండా.

తరువాత ఆమె పని చేస్తూనే ఉంది. మూడో నంబరుకు నీళ్లు, ఆరో నంబరుకు పళ్లేలు. కానీ కళ్లు ఆ గిన్నె మీదే ఉన్నాయి. చేప ఒక వైపు అయింది. తిరగేశారు. పులుసు తాగారు. ఊరగాయ కొరికిన చప్పుడు. అన్నం తగ్గుతోంది. గిన్నెలో పుల్లలు ఆగాయి. ఆయన లోపలికి చూశారు. గోడ మీద తెల్లగా ఉన్న చోటు వైపు ఒకసారి చూశారు. పుల్లలు పీట మీద పెట్టారు. గిన్నెను మాత్రం జరపలేదు. రెండు చేతుల మధ్య పట్టుకుని ఉన్నారు.

ఒక ముద్ద ఉంది.

మినోరి చేతిలోని నీళ్ల కూజా ఆరో నంబరు మీదే దించేసి, ఖాళీగా ఉన్న చిన్న పళ్లెం ఒకటి తీసుకుని నడిచింది. ఏడో మాట నాలుక మీద సిద్ధంగా ఉంది. బల్ల దగ్గరకు చేరాక ఆయన తలెత్తారు. పెదవులు ‘ఒ’ అనబోతున్నట్టు గుండ్రంగా అయ్యాయి. అది పూర్తయ్యే లోపే ఆమె చిన్న పళ్లేన్ని రెండు చేతులతో ఆయన ముందుకు చాచింది.

ఆయన ఆ పెదవులతోనే ఆగిపోయారు. తరువాత గిన్నెను పళ్లెం మీద పెట్టారు.

వంటింట్లో ఆమె ముద్దను కదపకుండా, దాని మీదే కొత్త అన్నం పెట్టింది. ఆవిరి కింది ముద్దను కూడా తడిపింది. కాజుయో పక్కకు జరిగి దారి ఇచ్చింది. తిరిగి బల్ల దగ్గరకు తీసుకెళ్తే కుదో గారు రెండు చేతులతో అందుకుని, నుదురు దాకా ఎత్తి, దించుకున్నారు. రెండో గిన్నె కూడా ఒక ముద్ద దాకా వచ్చింది. ఆమె మళ్లీ పళ్లెం చాచినప్పుడు, సగమే అన్నారు. ఆ సగం తిన్నాక గిన్నెలో మెతుకు లేదు. గొచిసోసమ ఆ రోజు మూడో నంబరు బల్ల దాకా వినబడింది. తాతకు వలలు అల్లే ఓపిక ఎక్కణ్ణుంచి వస్తోందో ఇప్పుడు తెలిసింది అన్నాడు ఒనోదెర. కుదో గారు టోపీని గుమ్మం బయటికెళ్లాకే తలకు పెట్టుకున్నారు.

రెండున్నరకు చాపల గదిలో మిగిలిన కానాగంతలతో ముగ్గురూ కూర్చున్నారు. వచ్చాడా అని మామ్మగారు అడిగింది. రెండున్నర గిన్నెలు అంది మినోరి. మామ్మగారు వేళ్లతో ముల్లు తీసుకుంటూ, పెళ్లికి ముందు నాలుగు తినేవాడు అంది. తరువాత వాళ్ల మాటలు వాన గురించి, సోమవారం రావలసిన బియ్యం గురించి సాగాయి.

తినడం అవుతుండగా కాజుయో పుల్లలు పీట మీద పెట్టింది. ఆ చప్పుడుకు మినోరి చూసింది. కాజుయో గిన్నె ఎప్పుడూ కడిగినట్టు ఉంటుంది. ఇవాళ దాని అడుగున ఒక ముద్ద ఉంది. కాజుయో ఎవరి వైపూ చూడలేదు. గిన్నెను చాప మీద, అత్తగారి మోకాలి దాకా, వేళ్ల కొసలతో జరిపింది.

మామ్మగారు ఆ గిన్నె వైపు చాలాసేపు చూసింది. తరువాత ఒళ్లోని తువ్వాలుతో చేతులు తుడుచుకుని, గిన్నెను తీసుకుంది. హస్తం కోసం వెతికింది. అన్నం వండిన గిన్నె ఆవిడకు కొంచెం దూరంగా ఉంది. మినోరి మోకాళ్ల మీద లేచి దాన్ని దగ్గరకు తెచ్చి, కదలకుండా రెండు చేతులతో పట్టుకుంది.

మామ్మగారు పెట్టింది. ఒక హస్తం. ఆగి, ఇంకొకటి. మెతుకులు కొన్ని చాప మీద పడ్డాయి. వాటిని ఏరుకుని తన నోట్లో వేసుకుంది.

“చాలా?”

“ఇంకొంచెం,” అంది కాజుయో.